గిన్నె మార్చాక తాగింది

ఎడిటర్ గారికి,

కుక్కల తిండి గురించి పేపర్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది గానీ నీళ్ల మాట ఎవరూ ఎత్తరు, అందుకే ఈ ఉత్తరం.

మా కుక్క బరువు 12 కిలోలు. కిలోకి రోజుకి సుమారు 50 మిల్లీలీటర్లు వేసుకున్నా 600 దాకా తాగాలి. అదేమో గిన్నె దగ్గరికి రావడం, వాసన చూడడం, మూతి తిప్పుకుని వెళ్లిపోవడం. నాకు ఒకటే టెన్షన్. తీరా చూస్తే తప్పు దానిది కాదు, గిన్నెది. ప్లాస్టిక్ గిన్నె లోపల వేలితో రాస్తే జారుడుగా సన్నటి పాచి పొర తగిలింది, పైకి మాత్రం తళతళలాడుతోంది! స్టీలు గిన్నె తెచ్చి, రోజూ తోమి, వాషింగ్ మెషీన్ చప్పుడుకి దూరంగా అది పడుకునే మూలకి మార్చాక రెండో రోజే చప్పుడు చేసుకుంటూ తాగింది.

కుక్కల తిండిగా అమ్మే పొడి గుళికల్లో నీరు పదో వంతే ఉంటుంది కాబట్టి వాటిని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పెడితే కొంత నీరు అలాగే లోపలికి పోతుంది. మాంసం ఉడికించిన నీళ్లు కూడా కలపొచ్చు, కాకపోతే ఉప్పు వద్దు, ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. సిరంజితో బలవంతంగా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ఆపద.

చిగుళ్లు జిగటగా ఉన్నా, మెడ వెనక చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. అన్నట్టు, రోజూ బాగా తాగేది ఉన్నట్టుండి మానేసినా అంతే, నాలా గిన్నెలు మారుస్తూ కూర్చోకండి.

– ఒక పాఠకురాలు