గ.సా.భా. దగ్గరే లెక్క ఆపవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో గరిష్ఠ సామాన్య భాజకం (గ.సా.భా., అంటే రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 391, 272 అనే రెండు సంఖ్యలను తీసుకొని, పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, వచ్చిన శేషంతో మళ్లీ ఆ భాజకాన్ని భాగించుకుంటూ పోయి, చివరకు గ.సా.భా. 17 అని తేల్చిన తీరు తేటగా ఉంది. లెక్కలో తప్పు పట్టవలసినదేమీ లేదు. కాకపోతే శేషం సున్నా కాగానే వ్యాసం కూడా ముగిసిపోయింది. బడిలో పాఠమూ చాలాసార్లు సరిగ్గా అక్కడే ముగుస్తుంది. చాలా ఏళ్లు గణితం చెప్పినవాణ్ణి, అందులో మొదటి కొన్నేళ్లు నేనూ అక్కడే సుద్దముక్క కింద పెట్టినవాణ్ణి కనుక, ఆ పాఠంలో మిగిలిపోతున్న సగం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ మిగిలిన సగం ఇది: రెండు సంఖ్యల గ.సా.భా.ను ఆ రెండు సంఖ్యలతోనే తిరిగి కట్టవచ్చు. మొదటి సంఖ్యను ఒక పూర్ణాంకంతోను, రెండోదాన్ని మరో పూర్ణాంకంతోను గుణించి కలిపితే సరిగ్గా గ.సా.భా. వచ్చేలా ఆ రెండు పూర్ణాంకాలను ఎప్పుడైనా ఎంచుకోవచ్చు. వాటిలో ఒకటి సాధారణంగా ఋణ సంఖ్య అవుతుంది. వ్యాసంలోని సంఖ్యలకే చూస్తే, 7 × 391 విలువ 2737, 10 × 272 విలువ 2720, వాటి తేడా 17. ఈ 7, 10 ఎక్కడి నుంచో ఊడిపడలేదు. వ్యాసకర్త చేసిన భాగహారాల్లోనే ఉన్నాయి, వెనక్కి తిరిగి చూడలేదంతే.

ఆ భాగహారాలను సమీకరణాలుగా రాస్తే 391 = 1 × 272 + 119, 272 = 2 × 119 + 34, 119 = 3 × 34 + 17 అని మూడు వరసలు వస్తాయి; నాలుగోది 34 = 2 × 17, అక్కడ శేషం లేదు. ఇప్పుడు కింది నుంచి పైకి రావాలి. మూడో వరస ప్రకారం 17 = 119 − 3 × 34. ఇందులో 34 బదులు రెండో వరస నుంచి 272 − 2 × 119 అని పెడితే 17 = 7 × 119 − 3 × 272 అవుతుంది. 119 బదులు మొదటి వరస నుంచి 391 − 272 అని పెడితే 17 = 7 × 391 − 10 × 272 అని తేలుతుంది.

చెబితే తేలికగానే ఉంటుంది కానీ, పిల్లలు ఎక్కడ తడబడతారో పక్కన కూర్చుని చూస్తే గాని తెలియదు. ఒక అమ్మాయి 17 = 119 − 3 × 34 అని సరిగ్గానే రాసి, వెంటనే అలవాటు కొద్దీ 3 × 34ను 102 చేసి, 17 = 119 − 102 అని శుభ్రంగా కింద రాసుకొని, ఆ తరువాత ఏం చేయాలో తోచక పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. ఆమె రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ 102లో 34 కరిగిపోయింది, దానితో పాటే పై వరసకు ఎక్కే మెట్టూ పోయింది. గుణకారం కనబడితే చేసేయమని చిన్నప్పటి నుంచి నేర్పినవాళ్లం మనమే కనుక ఆ తప్పు ఆమె మీద వేయలేం. ప్రతి శేషం చుట్టూ ఒక సున్నా చుట్టించి, సున్నా చుట్టిన సంఖ్యను దేనితోనూ గుణించి కలిపేయకూడదని, అది ఒక వస్తువు పేరులాంటిదని, ఎన్ని 34లు, ఎన్ని 119లు ఉన్నాయని మాత్రమే లెక్కపెట్టుకోవాలని చెప్పాక లెక్క దానంతటదే కదిలింది. బీజగణితంలో సజాతి పదాలను కలపడం వచ్చిన విద్యార్థికి ఇందులో కొత్తదేమీ లేదు. అక్షరాల స్థానంలో సంఖ్యలు కూర్చుని కంగారు పెడతాయి, అంతే.

నా మటుకు నాకు కింది నుంచి పైకి రావడం కంటే, దిగుతున్నప్పుడే ఖాతా రాసుకుంటూ పోవడం మేలనిపిస్తుంది. ప్రతి సంఖ్య పక్కన, అందులో 391లు ఎన్ని, 272లు ఎన్ని అని రెండు అంకెలు వేసుకోవాలి. 391 పక్కన 1, 0 ఉంటాయి. 272 పక్కన 0, 1 ఉంటాయి. 391లోంచి 272ను ఒకసారి తీసివేయగా వచ్చినది 119 కనుక దాని పక్కన 1, −1 పడతాయి. 272 వరసలోంచి 119 వరసను రెండుసార్లు తీసివేస్తే 34 పక్కన −2, 3 వస్తాయి. 119 వరసలోంచి 34 వరసను మూడుసార్లు తీసివేస్తే 17 పక్కన 7, −10 వస్తాయి. ఇక్కడితో ఆగకుండా సున్నా వచ్చే వరసను కూడా రాస్తే −16, 23 వస్తాయి. అంటే 16 × 391, 23 × 272 రెండూ సమానమే, రెండూ 6256, అదే ఈ రెండు సంఖ్యల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం). ఈ సున్నా వరసను 17 వరసకు ఎన్నిసార్లు కలిపినా 17 మారదు కనుక 7, −10 ఒక్కటే జవాబు కాదని కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒకసారి కలిపితే −9, 13 అవుతాయి: 13 × 272 అంటే 3536, అందులోంచి 9 × 391, అంటే 3519, తీసేస్తే మళ్లీ అదే 17. పుస్తకం వెనక ఇచ్చిన జవాబుతో కలవలేదని మార్కులు కోసేవారు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

ఏ రెండు సంఖ్యలకైనా ఇలా ఎందుకు కుదరాలి? గుర్తులేవీ లేని రెండు కర్రలున్నాయనుకుందాం, ఒకటి 21 సెంటీమీటర్లు, మరొకటి 15. నేల మీద ఒక గీత దగ్గర మొదలుపెట్టి ఆ కర్రలను ముందుకో వెనక్కో పరుచుకుంటూ పోతే ఏయే దూరాల్లో గుర్తు పెట్టగలం? చిన్న కర్రను మూడుసార్లు ముందుకు, పెద్ద కర్రను రెండుసార్లు వెనక్కి వేస్తే 3 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పడుతుంది. అదే పని మళ్లీ మళ్లీ చేస్తే 6, 9, 12 అన్నీ అందుతాయి. 1 కానీ 2 కానీ ఎన్నటికీ అందవు, ఎందుకంటే రెండు కర్రల పొడవులూ 3 గుణిజాలే. ఇప్పుడు ఏ రెండు కర్రలతోనైనా ఇలా గుర్తు పెట్టగల దూరాల్లో సున్నా కాని అతి చిన్నదాన్ని తీసుకుందాం. దానితో ఏ కర్రను కొలిచినా శేషం మిగలకూడదు. మిగిలితే ఆ శేషం కూడా ఆ కర్రలతోనే గుర్తు పెట్టగల దూరం అవుతుంది, పైగా అతి చిన్నదనుకున్నదానికంటే చిన్నదవుతుంది. కనుక ఆ దూరం రెండు కర్రలకూ సామాన్య భాజకం. మరోవైపు, రెండు కర్రలనూ శేషం లేకుండా కొలిచే సంఖ్య ఏదైనా వాటితో కట్టిన ప్రతి దూరాన్నీ కొలుస్తుంది కనుక ఈ అతి చిన్న దూరాన్నీ కొలవాలి, అంటే దీన్ని మించిన సామాన్య భాజకం ఉండడానికి వీల్లేదు. గరిష్ఠమని మనం పిలుచుకునేది ఇటువైపు నుంచి చూస్తే కనిష్ఠంగా కనబడడం నాకు ఇన్నేళ్లయినా ముచ్చటగానే ఉంటుంది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. 391, 272లతో 34ను కూడా కట్టవచ్చు, 3 × 272 − 2 × 391 అని పై ఖాతాలోనే ఉంది. అంతమాత్రాన 34 గ.సా.భా. అయిపోదు. కట్టగలిగిన సంఖ్యను గ.సా.భా. భాగిస్తుందని మాత్రమే అనగలం. కట్టిన సంఖ్య 1 అయితే మాత్రం ఇక సందేహం లేదు: 1ని భాగించే ధన పూర్ణాంకం 1 ఒక్కటే కనుక ఆ రెండూ పరస్పర ప్రధాన సంఖ్యలే, అంటే 1 తప్ప మరో సామాన్య భాజకం లేనివే. రెండు వరుస సంఖ్యలు ఎప్పుడూ పరస్పర ప్రధానాలే ఎందుకవుతాయో ఈ విధంగా ఒక్క తీసివేతతో చెప్పవచ్చు.

పరీక్షలో గ.సా.భా. ఎంత అని అడుగుతారు, అది చెబితే చాలదా అనే మిత్రులకు నేను చూపేది మరో పాఠం. √2 కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది, అని నిరూపించేటప్పుడు, ఒక ప్రధాన సంఖ్య ఒక వర్గాన్ని భాగిస్తే దాని మూలాన్నీ భాగిస్తుందనే వాక్యం మధ్యలో వస్తుంది. విద్యార్థి దాన్ని మంత్రంలా రాసేస్తాడు. 2 విషయంలో సరి సంఖ్య, బేసి సంఖ్య అని సర్దుకోవచ్చు, 7 విషయంలో ఏమంటాం? ప్రతి సంఖ్యనూ ప్రధాన కారణాంకాలుగా ఒకే విధంగా రాయగలం కనుక అంటాం. ఒకే విధంగా ఎందుకు రాయగలమని అడిగితే, ఒక ప్రధాన సంఖ్య ఒక లబ్ధాన్ని భాగిస్తే అందులోని ఏదో ఒక కారణాంకాన్ని భాగించాలి కనుక అంటాం. గానుగ చుట్టూ తిరిగినట్టు మొదలుపెట్టిన చోటికే వచ్చాం. ఈ తిరుగుడును తెంపేది గ.సా.భా.ను కట్టే సమీకరణమే. 12ను ఒక తెలియని సంఖ్యతో గుణిస్తే వచ్చిన లబ్ధాన్ని 7 భాగించిందనుకుందాం. 12, 7ల గ.సా.భా. 1, దాన్ని 1 = 3 × 12 − 5 × 7 అని కట్టవచ్చు. ఇరువైపులా ఆ తెలియని సంఖ్యతో గుణిస్తే, ఎడమ పక్క ఆ సంఖ్య మిగులుతుంది; కుడి పక్క మొదటి భాగంలో ఇందాకటి లబ్ధం ఉంది కనుక దాన్ని 7 భాగిస్తుంది, రెండో భాగంలో 7 కళ్లెదుటే ఉంది. కనుక ఆ తెలియని సంఖ్యను 7 భాగించి తీరాలి. 7 బదులు 6 పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది: 4 × 9 అయిన 36ను 6 భాగిస్తుంది కానీ 4నూ భాగించదు, 9నీ భాగించదు. 4తో కానీ 9తో కానీ 6ను జత చేస్తే 1 కట్టలేకపోవడమే దానికి కారణం.

పేరు సంగతి కూడా ఒక మాట. దీన్ని ఇప్పుడు అందరూ బెజూ సర్వసమీకరణం అంటున్నారు. ఫ్రెంచి గణితవేత్త ఎతియెన్ బెజూ 1779లో రాసినది బహుపదుల గురించి; పూర్ణాంకాలకు ఇదే సంగతిని ఆయన దేశస్థుడే అయిన బాషె 1624 నాటికే ప్రచురించాడు. అంతకు చాలా ముందు, క్రీ.శ. 499లో, ఆర్యభటుడు తన ఆర్యభటీయంలోని గణితపాదం చివరి రెండు శ్లోకాల్లో ఒక పద్ధతి చెప్పాడు: రెండు భాజకాలతో భాగించినప్పుడు ఇచ్చిన శేషాలు మిగిల్చే సంఖ్యను కనుక్కోవడం. ఆ శ్లోకాలు మరీ క్లుప్తం. 629లో మొదటి భాస్కరుడు వ్యాఖ్యానం రాసి ఉదాహరణలతో విప్పి చెప్పాడు. దానికి కుట్టాకారమని పేరు. తెలుగు చెవికి అది సూదీ దారంలా వినిపిస్తుంది కానీ, సంస్కృతంలో దంచి పిండి చేయడమని అర్థం, పెద్ద సంఖ్యలను భాగించి భాగించి చిన్నవి చేయడం కనుక. దంచడం దిగేటప్పటి పని, తిరిగి కూర్చుకుంటూ పైకి వచ్చేటప్పుడు జరిగేది కుట్టుపనే, కాబట్టి మన చెవి మరీ అంత తప్పు వినలేదు. క్రీ.పూ. 300 ప్రాంతపు యూక్లిడ్ తన ఏడో పుస్తకంలో వివరించినది దిగే దారి. మన బళ్లలో ఆయన పేరుతో చెబుతున్నదీ అదే.

కారణాంకాలుగా విడదీస్తే గ.సా.భా. సులువుగా వస్తుంది, ఈ భాగహారాలన్నీ ఎందుకని కొందరంటారు. 391ని 17 × 23గా విడదీయడం సులువే. వందల అంకెలున్న సంఖ్యను విడదీయడం నేటి కంప్యూటర్లకూ గగనమే, అదే సంఖ్య మీద ఈ భాగహారాలు మాత్రం రెప్పపాటులో ముగుస్తాయి. చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో దానికి అయిదు రెట్లకు మించి భాగహారాలు అక్కర్లేదని గాబ్రియెల్ లామె 1844లోనే నిరూపించాడు. ఈ తేడా మీదే 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ తయారు చేసిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి నిలబడింది. అందులో అందరికీ తెలిసే తాళం అంకె నుంచి సొంతదారుకు మాత్రమే తెలిసే తాళం అంకెను రాబట్టేది పైన చెప్పిన ఖాతానే. బొమ్మలాంటి చిన్న ఉదాహరణలో ప్రధాన సంఖ్యలు 11, 23 అనుకుంటే, వాటిలోంచి ఒక్కొక్కటి తగ్గించి గుణించగా 220 వస్తుంది; బహిరంగ అంకె 7 అయితే, 63 × 7 − 2 × 220 = 1 కనుక రహస్య అంకె 63.

ఆ వ్యాసానికి కొనసాగింపుగా ఈ ఖాతా పద్ధతిని, శేషాలను గుణకారంలో కరిగించకుండా వరసల వారీగా, మీ విద్యార్థుల పేజీలో ఒక అరపేజీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అభ్యాసానికి 1001, 357 జత బాగుంటుంది, వాటి గ.సా.భా. 7, నాలుగు భాగహారాల్లో తేలుతుంది. జవాబు ఇచ్చేటప్పుడు 5, −14 అని ఒక జతే వేయకుండా, దయచేసి పక్కనే −46, 129 కూడా వేయండి. ఆ రెండో జత తెచ్చుకున్న విద్యార్థి తన లెక్కను కొట్టేసుకోకుండా ఉంటాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు