ఎలుకల గదికి కరెంటు ఎప్పుడిస్తారు సారూ?

గౌరవనీయ మంత్రిగారికి నమస్కారాలు.

మూర్ఛ మందుల పరీక్షల కోసం మా వరంగల్ కళాశాలలో కట్టిన జంతుశాల సంగతి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. శిలాఫలకం మీద పేరు మీదే, జనరేటర్ ఇస్తామన్న మాటా మీదే. నాలుగు వినతిపత్రాలు ఇచ్చాం. మూడింటికి జవాబు లేదు. నాలుగోది 'ఎలుకలకు ఏసీ ఎందుకు?' అన్న రాతతో తిరిగొచ్చింది. అడిగారు కాబట్టి చెబుతున్నాం.

చిట్టెలుకకు మనలా చెమట పట్టదు. గది 22 డిగ్రీల దగ్గర, మహా అయితే మూడు అటూఇటూగా ఉండాలి. రోహిణి కార్తెలో కరెంటు పోతే గంటలోనే ఆ లెక్క తప్పుతుంది. ఒంటి వేడి పెరిగితే ఫిట్స్ తొందరగా వస్తాయి. కిండ్లింగ్‌లో, అంటే కొద్ది మోతాదులు పదేపదే ఇచ్చి ఎలుక మెదడును ఫిట్స్‌కు అలవాటు చేసే పరీక్షలో, కిలో బరువుకు 35 మిల్లీగ్రాముల చొప్పున పెంటిలీన్‌టెట్రజోల్ (పీటీజడ్) అనే ఫిట్స్ తెప్పించే రసాయనాన్ని రోజు విడిచి రోజు పొడుస్తాం. పదిహేను సూదులంటే నెల రోజుల పని. పదకొండో సూది నాడు ఐదు గంటలు కరెంటు లేకపోతే, ఫిట్స్ తీవ్రత కొలిచే రసీన్ స్కేలు మీద ఎలుక రెండు నుంచి నాలుగుకు ఎగబాకింది మందు చేతకాకనా, ఎండ వల్లనా? ఎవరూ చెప్పలేరు. మందివ్వని కంట్రోల్ జట్టుకు ఎనిమిది, పోల్చడానికి పాత మందు వాల్‌ప్రోయేట్‌కు ఎనిమిది, కొత్త మందు మూడు మోతాదులకు ఇరవై నాలుగు, మొత్తం నలభై ఎలుకలూ వృథా. ఇంకో నలభై కావాలని జంతు ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి మళ్లీ ఫారం బి దరఖాస్తు. కారణం గడిలో 'కరెంటు పోయింది' అని రాయడానికి మాకే సిగ్గుగా ఉంది.

కరెంటు ఉన్నప్పుడైనా సుఖముందా అంటే, వోల్టేజీ. కరెంటుతో ఫిట్స్ తెప్పించే షాక్ పరీక్షలో ఎలుక కళ్లలో మత్తు చుక్క వేసి, ఉప్పునీటిలో తడిపిన ఎలక్ట్రోడ్లు ఆనించి, 50 మిల్లీఆంపియర్లు 0.2 సెకన్లు ఇస్తాం. వెనుక కాళ్లు వెనక్కి బిగుసుకుని చాచుకోకపోతే మందు కాపాడినట్టు. మా పాత యంత్రం డయల్ మీద 50 చూపిస్తూ లోపల ఎంత ఇస్తుందో దానికే తెలియాలి. షాక్ తక్కువైతే ఉత్త సెలైన్ ఎక్కించిన ఎలుకా కాళ్లు చాచదు, ఉప్పునీళ్లే మూర్ఛకు మందైపోతాయి! కంట్రోల్ ఎలుకలు చాచకపోతే ఆ రోజు లెక్కంతా కొట్టేస్తున్నాం.

లైట్ల టైమర్ది ఇంకో గోల. కరెంటు పోతే గడియారపు ముల్లు అక్కడే ఆగుతుంది. రోజుకు మూడు గంటలు పోతే ఎలుకల రాత్రి మూడు గంటలు ఆలస్యమవుతుంది. ఫిట్స్ వచ్చే తీరు వేళను బట్టి మారుతుంది కాబట్టి ఉదయం పది గంటలకు చేసిన పరీక్ష నిజానికి ఏ వేళదో చెప్పలేం.

ఇప్పుడు మూర్ఛకు వాడే లెవెటిరాసిటమ్ లాంటి మందు ఈ షాక్, పీటీజడ్ పరీక్షల్లో తప్పి, సెకనుకు ఆరు విడతల చొప్పున షాక్ ఇచ్చే 6 హెర్ట్జ్ పరీక్షలో నిలబడింది. ఆ యంత్రం కూడా అడిగాం. ఇప్పుడు అడగడం మానేశాం.

ఫిట్స్ రోగుల్లో మూడో వంతు మందికి ఉన్న మందులు పూర్తిగా పనిచేయడం లేదు సార్. మేం అడిగేది ఒక జనరేటర్. కాదంటే ఏసీకి, టైమర్‌కు, యంత్రానికి సరిపడా ఇన్వర్టర్, ఒక స్టెబిలైజర్. అదీ కాదంటే 'ఇవ్వం' అని ఒక ముక్క రాసి పంపండి. ఎండలు ముదరకముందే పంపితే కొత్త జట్టుకు మొదటి సూది వేయకుండా ఆపుకుంటాం.

ఇట్లు,
జంతుశాల పరిశోధకులు,
వరంగల్