చిన్నపిల్లల బడితోటకు వేసవి ప్రణాళిక కావాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

మధ్యాహ్న భోజనానికి అనుబంధంగా బడుల్లో పోషక తోటలు పెంచాలని కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. మన పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల్లోనూ మడులు కట్టి ఆకుకూరలు, వంగ, బెండ పెంచడం చూస్తుంటే సంతోషం కలుగుతోంది. అయితే ఒకటి, రెండు తరగతుల పిల్లల చేత ఈ తోటలను ఎలా పెంచించాలన్న దానిపై మరికొంత ఆలోచన అవసరమని, చాలా ఏళ్లు ఆ తరగతులకే పాఠాలు చెప్పిన అనుభవంతో మనవి చేస్తున్నాను.

ప్రాథమిక స్థాయిలో ఒక్కో విద్యార్థికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు పెట్టాలన్నది భోజన పథకం నిబంధన. ఆ లెక్కన 40 మంది చదివే బడికి రోజుకు రెండు కిలోలు కావాలి. తరగతి గదుల వెనకనున్న సెంటు, రెండు సెంట్ల నేల ఏడాది పొడవునా అంత కూర ఇవ్వలేదు. ఇవ్వాలన్న పట్టుదలతో పెద్దలే తవ్వి, పెద్దలే నీళ్లు పెట్టి, అధికారులు వచ్చిన రోజున మాత్రం పిల్లలను మడి పక్కన నిలబెడితే వారికి దక్కేదేమీ ఉండదు. ఆరేళ్ల బిడ్డ వేలితో గుంట చేసి, మెంతులు వేసి, మూడు నాలుగు రోజులకు మొలక కనబడగానే పక్కవాణ్ణి లాక్కొచ్చి చూపించాలి, మొలకలు లెక్కపెట్టాలి, వారం వారం దారంతో మొక్క ఎత్తు కొలవాలి. ఇంట్లో ఆకుకూర ముట్టని పిల్లలు, తాము కోసిన తోటకూరను మారు అడిగి వడ్డించుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

అందుకే చిన్నవారి మడిలో నెల, నెలన్నరలో చేతికొచ్చే మెంతికూర, తోటకూర, పాలకూరలకే పెద్దపీట వేయాలి. ఓపిక నేర్పడానికి ఒక్క చిక్కుడు పాదు చాలు. వానాకాలం మొదట్లో పెట్టినది సంక్రాంతి నాటికి కాపు మీద ఉంటుంది. ఈ వయసు పిల్లలు బిందెలు మోయలేరు, మోయించకూడదు కూడా. మూతకు చిల్లులు పెట్టిన నీళ్ల సీసా వారికి సరిపోతుంది. పురుగుమందుల డబ్బా బడి ఆవరణలోకి రాకూడదు. వేప కషాయమైనా బడి విడిచాక పెద్దలే చల్లాలి.

అసలు గండం వేసవి సెలవులు. ఏప్రిల్ చివరిలో మూసిన బడి జూన్ 12 వరకు తెరుచుకోదు. ఈలోగా మొక్కలు ఎండిపోతాయి, ప్రహరీ లేనిచోట మేకల పాలవుతాయి. తిరిగి వచ్చిన పిల్లలు తమ మొక్క ఏదని అడిగితే టీచరు ఏమి చెప్పగలరు? మార్చి నెలాఖరుకల్లా చివరి కోత ముగించి, తోటకూర, గోంగూర, చిక్కుడు విత్తనాలను పిల్లల చేతనే ఏరించి, బాగా ఆరబెట్టి, సీసాల్లో వారి పేర్లతో భద్రపరచాలి. ఎండలను తట్టుకునే మునగ, కరివేపాకు చెట్లు మాత్రమే సెలవుల్లో నిలిచేలా చూసుకోవాలి.

వాటికైనా నీరు పోసేవారు కావాలి. వంట చేసే మహిళలకో, ఊరిలోని స్వయం సహాయక సంఘానికో ఆ పని అప్పగించి, సెలవు రోజులకు కొంత పారితోషికం ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను. చాలని విత్తనాలేవైనా ఉంటే బడి తెరిచిన వారంలోనే అందించాలి. తనిఖీ పత్రంలో ఎన్ని కిలోలు పండాయన్న ప్రశ్నకు ముందు, ఏ తరగతి పిల్లలు ఏమి విత్తారో, ఏమి కోశారో రాసే గడి ఒకటి చేర్చాలని కూడా నా విన్నపం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, బాపట్ల జిల్లా