పక్క కేబిన్‌లో పసిపాప

అమ్మలూ,

ఎలా ఉన్నావు? చెవి నొప్పి తగ్గిందా? బయట మంచు పడుతున్నప్పుడు ఆ నీలం స్వెటరు ఒక్కటీ సరిపోదు, మీద కోటు కూడా వేసుకో. చెవుల్లో దూది పెట్టుకోవడం మర్చిపోకు.

నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. పరీక్షలున్నాయని తెలుసు కాబట్టి మేమూ విసిగించలేదు. ఇక్కడ అందరం బాగున్నాం. బాబాయి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. నల్లపెట్టె తాళంచెవి దొరికింది, అది కూడా అమ్మ ఎప్పుడూ చెబుతూ వచ్చిన చోటే. పెట్టెలో నా పాత సీడీసీలు, అవే ఓడ ఉద్యోగపు గుర్తింపు పుస్తకాలు, ఓవరాల్ ఒకటి, పగిలిన ఫోను ఉన్నాయి. ఆ ఫోను సంగతి తర్వాత చెబుతాను.

మొన్న చిట్టి వచ్చింది. నీ గదిలో ఉండేది పెరూ అమ్మాయట, మీ ఇద్దరికీ పడటం లేదట, గది మార్చమని నువ్వు హాస్టల్ ఆఫీసులో అర్జీ పెట్టావట. చిట్టి చెప్పిందాంట్లో ఎంత నమ్మాలో మనకు తెలుసు కదా, అందుకే నేను పెద్దగా పట్టించుకోలేదు. ఊరికే చెబుతున్నాను.

నాకింకా ఓడ మీది నాలుగు-ఎనిమిది వాచ్ అలవాటు, అంటే నాలుగు నుంచి ఎనిమిది దాకా చేసే డ్యూటీ అలవాటు, పోలేదు. తెల్లవారుజామున నాలుగింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. అప్పుడు జర్మనీలో నీకు రాత్రి పదకొండున్నర. చిట్టి ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి ఇంకో లెక్క కూడా వేస్తున్నాను. ఆ వేళకి పెరూలో సాయంత్రం అయిదున్నర. ఆ అమ్మాయి రాత్రిళ్ళు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుందని కదా నీ బాధ? వాళ్ళ నాన్నో అమ్మో పని ముగించుకుని ఇంటికి చేరేది అప్పుడేనేమో. కనుక్కున్నావా?

సరే, ఆ సంగతి వదిలేద్దాం. ఫోను సంగతి చెబుతాను.

2020లో నేను ఓడ మీద ఇరుక్కుపోవడం నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నీకు పదహారేళ్ళు. కరోనా వల్ల రేవులన్నీ మూసేశారు. పాతవాళ్ళని దింపరు, కొత్తవాళ్ళని ఎక్కించరు. అలా ప్రపంచమంతా 4 లక్షల మంది దాకా ఓడల మీదే చిక్కుకుపోయారు. 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మనిషిని ఒక దఫాలో 11 నెలలకు మించి ఓడ మీద ఉంచకూడదు. నాకు పద్నాలుగో నెల నడుస్తోంది. ఆ రోజుల్లో ఎవరి మొహం చూసినా చిరాకే.

నా పక్క కేబిన్‌లో ఫిలిప్పీన్స్ మోటర్‌మ్యాన్, అంటే ఇంజన్ రూమ్‌లో పనిచేసేవాడు, ఉండేవాడు. అతనిది ఎనిమిది-పన్నెండు వాచ్. అర్ధరాత్రి దిగి వచ్చి స్నానం చేసి, ఫోన్‌లో ఏదో పెట్టుకునేవాడు. ఏడుపు. పసిపిల్ల ఏడుపు. ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. మూడున్నరకి లేవాల్సినవాణ్ణి, పన్నెండున్నరకి నా నిద్ర పోయేది. పదకొండు రాత్రులు ఓర్చుకున్నాను. ఏదో సినిమా పెట్టుకుంటున్నాడనుకున్నాను. వీళ్ళకి పక్కవాడి మీద దయ ఉండదనుకున్నాను. 'వీళ్ళు' అనే అనుకున్నాను అమ్మలూ, అతనొక్కణ్ణే కాదు, ఆ దేశం మొత్తాన్నీ. తెల్లారాక చీఫ్ ఇంజనీరుతో చెప్పి కేబిన్ మార్పించుకోవాలని కూడా నిశ్చయించుకున్నాను.

పన్నెండో రాత్రి వెళ్ళి తలుపు బాదాను. అతను ఫోను చేత్తో పట్టుకునే తీశాడు. నా మొహం చూసి గబుక్కున సౌండ్ తగ్గించి, సారీ సారీ అంటూ, "మా పాప. పుట్టి నలభై రోజులు" అన్నాడు. అతను ఓడ ఎక్కాక పుట్టిందట. ఒక రేవు బయట లంగరు వేసి ఉన్నప్పుడు ఒడ్డునుంచి కాసేపు సిగ్నల్ అందింది, భార్య పంపిన ఆ ఒక్క రికార్డింగ్ దిగింది. అందులో పాప ఏడుపు తప్ప ఏమీ లేదు. ఇయర్‌ఫోన్లు పాడైపోయాయి, కొనుక్కుందామంటే ఒడ్డుకి దిగనివ్వరు.

నేనేమీ అనలేకపోయాను. నా కేబిన్‌కి వెళ్ళి ఈ ఫోను పట్టుకొచ్చాను. ఇందులో నాలుగేళ్ళప్పటి నువ్వున్నావు. ఒకటి నుంచి పది దాకా లెక్కపెడతావు. ప్రతిసారీ ఆరు తర్వాత ఎనిమిదే అంటావు. వెనకనుంచి అమ్మ "ఏడేదే?" అంటుంది. నువ్వు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి మళ్ళీ ఎనిమిదే అంటావు. అది పెట్టి, వేళ్ళు మడుస్తూ అతనికి చూపించాను. అతనూ తన భాషలో వేళ్ళు మడిచాడు. ఇసా, దలవా, తత్లో, ఆపత్, లిమా, ఆనిమ్, పితో. పితో అంటే ఏడు. నువ్వు వదిలేసిన చోట ఆగి నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నా ఇయర్‌ఫోన్లు ఇచ్చేశాను. ఆ తర్వాత ఓడ దిగేదాకా, ఇంజన్ రూమ్‌లో ఎప్పుడు ఎదురైనా, ఆ చప్పుడులో నోటితో చెప్పలేక ఏడు వేళ్ళు చూపించేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి, ఇంకా రాలేదని.

అతనికీ నాకూ మతం వేరు, పాటలు వేరు, తిండి వేరు. ఆ తేడాలేవీ పోలేదు. అతని పాటలు నాకు చివరిదాకా నచ్చలేదు కూడా. కానీ అంతకుముందు ఏడు నెలలు మా ఇద్దరి మధ్య ఒక రేకు గోడే ఉంది, నేను అతన్ని ఒక్క మాట అడగలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

జపాన్‌లో కషినోజాకి దీపస్తంభం దగ్గరగా వెళ్తున్నప్పుడు మా కెప్టెన్ ఒకసారి చెప్పాడు. 1890లో అక్కడ ఎర్తుగ్రుల్ అనే టర్కీ ఓడ తుఫానులో మునిగి 500 మందికి పైగా పోయారు. బతికిన 69 మందిలో కొందరు చీకట్లో కొండ ఎక్కి ఆ దీపం దగ్గరికి చేరారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. పడవల మీద బతికే ఆ పల్లెవాళ్ళు తమకే చాలీచాలని తిండీ బట్టలూ తెచ్చిచ్చారు. 1985లో ఇరాన్-ఇరాక్ యుద్ధమప్పుడు టెహ్రాన్‌లో జపాన్‌వాళ్ళు చిక్కుకుపోతే, టర్కీ విమానాలు పంపి 215 మందిని బయటికి తెచ్చింది. తొంభై అయిదేళ్ళ తర్వాత! నాకు ఆ విమానాల కన్నా ఆ రాత్రి తలుపులు తీసిన పల్లెవాళ్ళే ఎక్కువ గుర్తుకొస్తారు. తిరిగి ఏదో వస్తుందని వాళ్ళు అనుకుని ఉండరు కదా.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టానమ్మా. గది మార్చుకోవద్దని నేననను. నిద్ర లేకపోతే చదువు సాగదు, నీ ఆరోగ్యం నాకు ముఖ్యం. మార్చుకోవాలంటే మార్చుకో. ముందు ఒక్కసారి ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఎవరితో మాట్లాడుతుందో అడుగు. కోపంగా కాదు, మామూలుగా అడుగు. నీకు తెల్లవారే క్లాసులున్నాయని కూడా చెప్పు. నువ్వు చెప్పకుండా ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? అంతకంటే ముందు ఏదైనా చిన్న సాయం అడుగు. గొడుగో, ఛార్జరో. అడిగినవాళ్ళ మీద మనుషులకి అభిమానం పుడుతుంది, ఇది నేను ఓడల్లో చాలాసార్లు చూశాను. చిట్టి చెప్పింది అబద్ధమైతే ఇదంతా మర్చిపో.

ఆ ఫోను బాగుచేయించాను. రికార్డింగ్ ఇంకా ఉంది, నీకు పంపుతాను. పెరూవాళ్ళు ఏడుని ఏమంటారో ఆ అమ్మాయిని అడిగి నాకు రాయి.

ఇప్పుడు అయిదున్నర అయింది, నీకు రాత్రి ఒంటిగంట. పడుకునే ఉంటావు. నువ్వు మెలకువగా ఉన్న ఏ రాత్రైనా పదకొండున్నర తర్వాత ఫోన్ చెయ్యి, నేను లేచే ఉంటాను. చెవి నొప్పి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు, డబ్బుకి వెనకాడకు.

నాన్న

అమ్మ చేతి తొడుగులు అల్లుతోంది. ఆ అమ్మాయి చేతుల కొలత కూడా పంపమంది.