సిడ్నీలో కాటిసీను

సిడ్నీ,
ఆదివారం

నాన్నా,

నమస్కారం. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి సంగతి ఈసారి మీరే రాయండి, ఆవిడ ఎప్పుడడిగినా "తగ్గిందిరా" అనే అంటుంది. ఫోన్‌లో మీకు సగం మాటలు వినపడటం లేదు. నేను గట్టిగా అరిస్తే పక్కింటివాళ్లు ఏదో గొడవ అనుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం. పైగా ఇది నాటకం కబురు, తీరిగ్గా చెప్పాలి.

1832 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు, ఇక్కడి జార్జ్ స్ట్రీట్‌లో రాయల్ హోటల్ హాల్లో 'బ్లాక్ ఐడ్ సూసన్' అనే నాటకం ఆడారు. నల్లకళ్ల సూసన్ అన్నమాట. అప్పట్లో ఇది బ్రిటన్ తన ఖైదీల్ని పంపే వలస ప్రాంతం. అంతకుముందు ఆ ఖైదీలు ఆడిన ఆటలున్నాయి గానీ, లైసెన్సు తీసుకుని నడిపిన వృత్తి నాటకశాల ఈ ఊళ్లో ఆ రాత్రితోనే మొదలైంది. రాసినవాడు డగ్లస్ జెరాల్డ్. చిన్నప్పుడు నౌకాదళంలో పనిచేశాడు. 1829 జూన్‌లో లండన్ సర్రే థియేటర్‌లో మొదలైతే నెలల తరబడి ఆడింది. కాసులు మాత్రం థియేటర్‌వాళ్లకే, రాసినవాడికి దక్కింది కొద్దిపాటే. మీ నాటకాల కంట్రాక్టర్లు గుర్తొచ్చారు!

కథ వినండి. విలియం మామూలు నావికుడు. అతను సముద్రం మీద ఉండగా భార్య సూసన్‌ని మామ వరసైన డాగ్రాస్ అద్దె బాకీ పేరుతో వేధిస్తుంటాడు. విలియం తిరిగొస్తాడు. ఒక రాత్రి ఎవడో తాగి ఆమె మీదికి రాబోతే కత్తి దూసి కొడతాడు. తీరా చూస్తే పడ్డవాడు సొంత కెప్టెన్. పైఅధికారి మీద చెయ్యెత్తితే ఉరే. ఓడ మీదే విచారణ, ఓడ మీదే శిక్ష. విలియం భార్య దగ్గర సెలవు తీసుకుంటాడు, ఉరికి అంతా సిద్ధం. అప్పుడు ఆ కెప్టెనే కాగితం పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. ఆ దెబ్బ కొట్టేనాటికే విలియం కొలువు నుంచి విడుదలైపోయాడు. ఆ ఉత్తర్వు డాగ్రాస్ దాచేశాడు, వాడు నీళ్లలో పడి చచ్చాక శవం దగ్గర దొరికింది. కొలువులోనే లేనివాడికి కెప్టెన్ ఎక్కడ?

అచ్చం మన కాటిసీనే! హరిశ్చంద్రుడు చంద్రమతి మీద కత్తెత్తేదాకా జనాన్ని ఏడిపించి చివర్లో ఆపడం. మనకి దేవతలు దిగి వస్తారు, వీళ్లకి గవర్నమెంటు కాగితం దిగి వస్తుంది, అంతే తేడా.

ఈ ఊళ్లో ఆ కాగితానికి బరువెక్కువ. 1828 జనాభా లెక్కల్లో ఈ వలస ప్రాంతం (న్యూ సౌత్ వేల్స్) మొత్తంలో 36 వేల పైచిలుకు మంది ఉంటే, నూటికి నలభై మందికి పైగా శిక్ష అనుభవిస్తున్నవాళ్లే. కొరడా, ఉరికొయ్య, క్షమాభిక్ష పత్రం, ఇవన్నీ వాళ్లకి రోజూ ఉండేవి. ఆ హాల్లో ఎవరు ఎక్కడ కళ్లు తుడుచుకున్నారో ఊహించుకుంటూ కూర్చున్నాను. మా పర్మనెంట్ వీసా కాగితం వచ్చిన రోజు కూడా గుర్తొచ్చిందనుకోండి, అది వేరే టెన్షన్.

ఇక్కడ ఆ నాటకం ఆడించినవాడు బార్నెట్ లెవీ అనే యూదు వ్యాపారి. గవర్నర్ డార్లింగ్ నాటకశాలకి ఒప్పుకోలేదు. ఖైదీలున్న ఊళ్లో నాటకాలేమిటని భయం. లెవీ కొన్నాళ్లు కచేరీలతో నెట్టుకొచ్చాడు. తర్వాత వచ్చిన గవర్నర్ బర్క్ లైసెన్సు ఇచ్చాడు గానీ, ఇంగ్లండ్‌లో అనుమతి ఉన్న నాటకాలే వెయ్యాలన్నాడు. శిక్షలో ఉన్నవాళ్లు వేషం కట్టకూడదు. 1833 అక్టోబర్‌లో హోటల్ వెనకే థియేటర్ రాయల్ తెరిచాడు. నటుల తగాదాలు, అప్పులు. నలభై నిండకుండానే 1837లో పోయాడు పాపం.

మీకు ముఖ్యమైన సంగతి చివరికి దాచాను. ఆ రోజుల్లో లండన్‌లో ఉత్త మాటల నాటకం ఆడే హక్కు ముఖ్యంగా రెండు పెద్ద థియేటర్లకే ఉండేది. సర్రే లాంటి చిన్నవాళ్లు సంగీతం కలిపితేనే చెల్లుబాటు. మాటకీ మాటకీ మధ్య, ఏడుపు కింద, కత్తి దూసేటప్పుడు వాయిద్యాలు మోగాల్సిందే. మెలోడ్రామాలో ఆ 'మెలో' అంటే పాటే. 1843 దాకా ఇదే చట్టం. అంటే హార్మోనియం మనిషి లేకపోతే నాటకమే లేదన్నమాట! నలభై ఏళ్లు స్టేజీ పక్కన కూర్చుని మీరు అమ్మతో వాదించింది ఇదేగా?

ఇక మీకో పని. విలియం సూసన్ దగ్గర సెలవు తీసుకుని ఉరికొయ్య వైపు నడుస్తున్నాడు. కాగితం ఇంకా రాలేదు. అప్పుడు మీరైతే ఏ రాగం పట్టుకుంటారు? శివరంజని అని మాత్రం అనకండి, అది నేనూ చెప్పగలను. చేతనైతే వాయించి తమ్ముడి చేత రికార్డు చేయించి పంపండి.

మీ
శీను