పాదయాత్ర దారిలో బైకు వైద్యం: ముందు వైర్‌లెస్ సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

శివరాత్రి, ఉగాది దగ్గర పడుతున్నాయంటే కర్నూలు, ఆత్మకూరు, నంద్యాల కుర్రాళ్లు బైకులకు మందుల పెట్టెలు కట్టుకుని శ్రీశైలం పాదయాత్ర దారిలో సేవ చేస్తామని ముందుకొస్తారు. కర్ణాటక నుంచి కూడా భక్తులు నడిచొచ్చే ఆ దారికి వాళ్ల అవసరం ఉంది. అయితే తయారీ అంతా పెట్టె, జాకెట్టు, స్టిక్కరు దగ్గరే ఆగిపోతోంది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం దాటి అడవిలోకి దిగాక నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం వరకు చాలాచోట్ల సెల్‌ఫోను టైము చూసుకోవడానికే పనికొస్తుంది. భీముని కొలను మెట్ల మీద ఒకాయన గుండె పట్టుకుని కూలబడితే పైనున్న బైకుకు ఆ కబురు ఎట్లా అందుతుంది? ఈ ప్రశ్నకు జవాబు లేని బృందం ఎన్ని బైకులు తెచ్చినా అవి చెట్టుకింద నిలబడే ఉంటాయి. అందుకే ఈ ఉత్తరంలో మందుల కంటే వైర్‌లెస్ మాటే ఎక్కువ.

చేతిలో పట్టుకునే 5 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టు, అంటే వాకీటాకీ, తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. మైదానంలో మనిషి నుంచి మనిషికి కొద్ది కిలోమీటర్లు. ఎత్తైన మిట్ట మీద నిలబడితే దానికి ఎన్నో రెట్లు. లోయలోకి దిగితే మలుపు అవతల ఉన్నవాడికి కూడా మాట అందకపోవచ్చు. పవర్ ఎక్కువున్న సెట్టు కొంటే సరిపోతుందనుకుంటారు గానీ, అడ్డంగా కొండ ఉన్నప్పుడు వాట్లు పెంచి పెద్దగా లాభం లేదు. చేయాల్సింది లోయ అంచున, అటూ ఇటూ రెండు వైపులా కనబడే చోట, ఒక మనిషిని రిలేకు కూర్చోబెట్టడం. కింది మాట విని పైకి, పై మాట విని కిందికి చెప్పడమే అతని పని. అతను బైకు నడపడు, కట్టు కట్టడు, టీ తాగడానికి కూడా లేవడు. బృందంలో ఎవరూ ఇష్టపడి తీసుకోని పని ఇది. అందరికంటే ఓపికస్తుణ్ణి పెట్టాల్సిందీ ఇక్కడే.

ఆ రిలే మనిషి సెట్టుకు వచ్చిన పొట్టి రబ్బరు యాంటెన్నా తీసేసి, చేత్తో చేసుకున్నది పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. యాంటెన్నా కేబుల్ బిగించే ఎస్‌ఓ-239 సాకెట్టు ఒకటి, గ్యాసు వెల్డింగుకు వాడే సన్నని రాగిపూత కడ్డీలు ఐదు, నాలుగు చిన్న బోల్టులు చాలు. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం సుమారు 49 సెంటీమీటర్లు. అంత కడ్డీని సాకెట్టు నడుమ పిన్నుకు నిలువుగా సోల్డరింగ్ చేయాలి. మిగతా నాలుగింటిని ఒక్కోటి 51, 52 సెంటీమీటర్లు ఉంచి, సాకెట్టు నాలుగు మూలల రంధ్రాలకు బోల్టులతో బిగించి, 45 డిగ్రీల కోణంలో కిందికి వంచాలి. వంచకుండా అడ్డంగా వదిలేస్తే యాంటెన్నా ఇంపిడెన్సు (తరంగ విద్యుత్తుకు అది చూపే అడ్డు) 36 ఓంల దగ్గర ఉంటుంది. వంచితే సెట్టుకు కావాల్సిన 50 ఓంలకు దగ్గరవుతుంది. నిలువు కడ్డీని మొదట కావాల్సినదానికంటే ఒక సెంటీమీటరు ఎక్కువ పొడవు ఉంచి, యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూస్తూ రెండేసి మిల్లీమీటర్లు కత్తిరించుకుంటూ రావాలి. పొట్టిగా కోసేశాక అతికించడం అయ్యే పని కాదు. రీడింగు 1.5 లోపుకు వస్తే ఆపేయండి. దీన్ని వెదురు గెడకు కట్టి నిలబెడతారు. తప్పు జరిగేది యాంటెన్నాను సెట్టుకు కలిపే కేబుల్ దగ్గర. మిగిలిపోయిందని 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ మొత్తం వాడితే, ఈ ఫ్రీక్వెన్సీలో సుమారు సగం పవర్ కేబుల్లోనే ఆవిరైపోతుంది. ఐదు మీటర్లకు మించి వాడొద్దు.

సెట్లు ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతాయి. వాటితో మాట్లాడే హక్కు మాత్రం వాటితోపాటు రాదు. హ్యామ్ బ్యాండులో, అంటే అభిరుచితో రేడియో నడిపేవాళ్లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో, మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం పెట్టే అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అక్కర్లేదు, కొంత రేడియో సాంకేతికం, కొంత నిబంధనలు చదివితే సరిపోతుంది. లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. శివరాత్రికి పదిహేను రోజుల ముందు గుర్తొస్తే లాభం లేదు. పైగా హ్యామ్ లైసెన్సు సొంత అభ్యాసానికి ఇచ్చేది. మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు చేరవేసే సర్వీసుగా దాన్ని నడపకూడదు, విపత్తులో మామూలు ఫోన్లు పడిపోయినప్పుడు మాత్రమే వెసులుబాటు. కాబట్టి యాత్రకు ముందే అధికారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. గంగాసాగర్ మేళాలో తప్పిపోయినవాళ్లను ఇళ్లకు చేర్చడంలో హ్యాములు ఏళ్లుగా పనిచేస్తున్నారు, మనకు కొత్తగా కనిపెట్టే అవసరం లేదు. లైసెన్సు అక్కర్లేని 446.0–446.2 మెగాహెర్ట్జ్ చిన్న సెట్లు ఒకే శిబిరం లోపల పనికొస్తాయి గానీ లోయలు దాటించవు.

ఇక మాట్లాడే తీరు. గరగర ఉన్న సెట్టులో ‘ఇరవై’, ‘అరవై’ ఒకటిలాగే వినిపిస్తాయి. ఇరవై మంది వాంతులతో ఉన్నారన్నది అరవై అయిందంటే శిబిరమంతా అటే పరుగెత్తుతుంది. అంకెల్ని విడివిడిగా చెప్పాలి: ‘రెండు, సున్నా’. ఊరి పేరు ఒక్కటే చెప్పొద్దు. వెంకటాపురం, కొత్తపల్లి, రామాపురం అని మన రాయలసీమలో ఎన్ని ఊళ్లున్నాయో లెక్కపెట్టడం కష్టం, మండలం పేరు జతచేయాలి. హైవే మీదైతే కిలోమీటరు రాయి అంకె, ఏ ఊరి వైపు పోయే రోడ్డు అన్నది కలిపి చెప్పాలి. డోన్, గుత్తి మధ్య నాలుగు వరసల రోడ్డులో అవతలి పక్కకు అంబులెన్సు వచ్చిందంటే మళ్లీ యూటర్న్ దాకా పోయి రావాలి. చోటు, ఎంతమంది, స్పృహ ఉందా, ఊపిరి ఉందా, రక్తం పోతోందా, ఏం కావాలి... ఈ వరసలోనే చెప్పాలి, ఎందుకంటే సిగ్నల్ మధ్యలో తెగినా చోటు మాత్రం అందివుంటుంది. విన్నవాడు తిరిగి చదివి వినిపించే దాకా కబురు చేరినట్టు కాదు. టైము వేసి పుస్తకంలో రాయాలి, బాల్‌పెన్నుతో, వానకు చెరిగిపోయే ఇంకుతో కాదు. బటన్ నొక్కిన వెంటనే మాట్లాడితే మొదటి అక్షరం తెగిపోతుంది. నొక్కి, ఒక క్షణం ఆగి మొదలుపెట్టాలి. నడుస్తున్న బైకు మీద మాత్రం అసలు మాట్లాడొద్దు. గాలి హోరులో ఎవరికీ అర్థం కాదు, చెయ్యి హ్యాండిల్ మీద ఉండదు.

బైకు సంగతి చిన్నదే. రెండు పక్కల పెట్టెలూ తూచి సమానంగా కట్టాలి. బరువంతా వెనక క్యారియర్ మీద వేస్తే ముందు చక్రం తేలికై గులకరాళ్ల దారిలో జారుతుంది. సెట్టు చార్జింగు తీగను బ్యాటరీకి నేరుగా కలిపినా ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, సీటు కింద తీగ రాపిడికి తెగితే మంటలు వస్తాయి. నీలి, ఎరుపు లైట్లు, సైరన్లు పెట్టుకోవద్దు. సొంత బైకుకు చట్టం ఒప్పుకోదు. అడవి పులుల అభయారణ్యం కనుక అటవీ శాఖ చెప్పిన దారి, చెప్పిన వేళ తప్పి తిరగొద్దు. మెట్లున్న చోట బైకు ఆగిపోతుంది, అక్కడి నుంచి డోలీయే గతి. నలుగురు మోసేవాళ్లు ముందే కుదిరి ఉండాలి.

బైకుకు సరిపడే 1.7 లీటర్ల అల్యూమినియం ఆక్సిజన్ సిలిండరు 150 బార్ల దాకా నింపితే దాదాపు 255 లీటర్లు వస్తుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున పాతిక నిమిషాలే. గేజి ముల్లు 50 దగ్గరుంటే ఎనిమిది నిమిషాలే అని లెక్క కట్టుకుని, అడవిలోకి పోకముందే మార్చుకోవాలి. చైనుకు ఆయిల్ పూసిన చేతులతో సిలిండరు వాల్వు ముట్టొద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు జిడ్డు తగిలితే అంటుకుంటుంది. మెకానిక్కు పనీ వైద్యం పనీ ఒకే మనిషి చేసే బృందాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. షుగరు స్ట్రిప్పులు సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచాల్సినవి. ఎండలో నిలిపిన నల్ల పెట్టెలో పెడితే అవి చూపే అంకె నమ్మలేం.

వైద్యం దగ్గర చేయకూడనివే ఎక్కువ. మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టడం, స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయడం, పాము కరిచిన కాలుకు తాడు బిగించడం, దెబ్బ తగిలినవాణ్ణి బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం... ఈ నాలుగూ మానితేనే సగం మేలు. పాము కాటుకు కాలు కదలకుండా కర్రతో కట్టి, మోసుకునే తేవాలి. విరుగుడు మందు ఆసుపత్రిలోనే. గుండె ఆగితే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతు, ప్రతి రెండు నిమిషాలకూ చేతులు మారుస్తూ నొక్కాలి. ఒక్కడే అయితే అలసి లోతు తగ్గిపోతాడు, అందుకే బైకుకు ఇద్దరుండాలి. ఎండదెబ్బ, నీరసాలకు ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు 20.5 గ్రాముల పొట్లం పూర్తిగా లీటరు నీళ్లలోనే. సీసా చిన్నదని అర లీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలు కన్నా కీడు ఎక్కువ. 200 మిల్లీలీటర్లకు సరిపడే 4.2 గ్రాముల చిన్న పొట్లాలు వేరేగా వస్తాయి, యాత్రలో అవే నయం. సహాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని జంకేవాళ్లకు ఒక మాట: 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో ఆదుకున్నవాళ్లకు రక్షణ ఇస్తుంది.

వరదల్లోనూ ఇదే కథ. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూల్లోకి వచ్చాయి. అలాంటప్పుడు టవరు పైకి నీళ్లు ఎక్కక్కర్లేదు, కింద ఉన్న జనరేటరు, బ్యాటరీలు మునిగితే ఫోను మూగబోతుంది. యాత్ర కోసం తయారైన రిలే మనుషులు, వెదురు యాంటెన్నాలు అప్పుడూ అక్కరకొస్తాయి.

అందుకని కలెక్టరు కార్యాలయం, వైద్య, అటవీ, పోలీసు శాఖలు కలిసి శివరాత్రికి నెల ముందే వెంకటాపురం నుంచి కైలాస ద్వారం దాకా ఒక రోజు కసరత్తు పెట్టాలని మనవి. ఎక్కడ నిలబడితే ఎక్కడికి వినబడుతుందో కాగితం మీద గుర్తుపెట్టి, ఆ పటం అన్ని బృందాలకూ ఇవ్వాలి. వీలైతే ఆ కసరత్తు మిట్టమధ్యాహ్నం పెట్టండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, రిలే మనిషి ఎంతసేపు కూర్చోగలడో ఎండలోనే తేలుతుంది.

– ఒక రేడియో ఆపరేటరు, ఒక ప్రథమ చికిత్స శిక్షకుడు,
కర్నూలు