అడుగుజాడల మాటలు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నీ అనువాదంలో వెస్టిజ్, రెలిక్, రూయిన్ అనే మూడు ఇంగ్లీషు మాటలకూ ‘అవశేషం’ అని రాసి సరిపెట్టవచ్చునా అని అడిగావు. సరిపెట్టవద్దని నిన్ను బతిమాలడానికే ఈ ఉత్తరం.

వెస్టిజ్‌కు మూలమైన లాటిన్ మాటకు అడుగుజాడ అని అర్థం. ఇన్వెస్టిగేషన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. మనం ‘జాడ తీయడం’ అంటామే, అచ్చంగా అదే. జీవశాస్త్రజ్ఞులు తిమింగలం ఒంట్లో దాగి ఉన్న కటి ఎముకలను ఈ మాటతోనే పిలుస్తారు. ఒకప్పుడు నేల మీద నాలుగు కాళ్లతో నడిచిన జాతికి మిగిలిన గుర్తును అడుగుజాడ అనడం ఎంత సముచితమో చూడు.

రెలిక్ అంటే వదిలి వెళ్లినది. క్రైస్తవ దేవాలయాలలో పునీతుల ఎముకలను, వస్త్రాలను అలా పిలుస్తారు. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో బయటికి తీసిన రాతి భరిణెలు అటువంటి వాటివే. అటువంటి చోట, బౌద్ధులు పూజించే అస్థికలకు వాడే ‘ధాతువు’ అనే మాటే రాయాలి. ఇదే మాటకు తోబుట్టువైన రెలిక్ట్‌ను పాత ఇంగ్లీషులో వితంతువుకు వాడేవారు. భర్త వదిలిపోగా మిగిలిన మనిషి అని. అది చదివిన రోజు నాకు మనసు చివుక్కుమంది.

రూయిన్‌లో ఉన్నది కూలిపోవడం. మన ‘శిథిలం’లో ఉన్నది సడలిపోవడం. ఒకరు గోడ పడిన క్షణాన్ని చూశారు, మరొకరు అంతకు ముందు రాళ్ల మధ్య పట్టు వదులైన కాలాన్ని చూశారు. ఈ ఒక్కచోట మన మాటే లోతైనదని నా నమ్మకం.

అయితే నన్ను ఎక్కువ రోజులు పట్టి ఉంచిన మాట పాలింప్సెస్ట్. గ్రీకులో దానికి ‘మళ్లీ గీకినది’ అని అర్థం. తోలు కాగితం ఖరీదైనది కాబట్టి పాత రాతను గీకివేసి దాని మీదే కొత్తది రాసేవారు. ఆర్కిమెడిస్ రచనలకు 10వ శతాబ్దంలో ఎత్తిన ప్రతిని 1229లో అలాగే గీకి ప్రార్థన పుస్తకంగా మార్చారు. 1906లో హైబెర్గ్ అనే డెన్మార్క్ పండితుడు ఇస్తాంబుల్‌లో ఆ ప్రార్థనల అడుగున మసకగా ఉన్న గణితాన్ని గుర్తుపట్టాడు. 1998లో ఆ పుస్తకం 20 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. ఆ తరువాత బాల్టిమోర్‌లో రకరకాల కాంతులతోనూ, కాలిఫోర్నియాలో ఎక్స్‌రేలతోనూ ఫొటోలు తీసి, కంటికి ఆనని అక్షరాలను సైతం చదివారు. చెరిపినవాడి చేతిలోనే ఆ గ్రంథం బతికిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మన తాటాకు మీద ఘంటం ఆకునే చీల్చుకుంటూ పోతుంది, గీకడానికి చోటుండదు; మనకు ఆ మాట పుట్టకపోవడానికి కారణం అదేనేమో. కానీ రాతిలో అటువంటిది మనకు ఉంది. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక అమరావతి ఫలకం మీద ఒకవైపు క్రీస్తుపూర్వపు బోధివృక్షారాధన, మరోవైపు క్రీస్తుశకం 3వ శతాబ్దపు స్తూపం చెక్కి ఉన్నాయి. పాతదాన్ని పారవేయక, తిప్పి చెక్కారు.

పాలింప్సెస్ట్‌కు ‘మలిరాత’ అని ఒకసారి రాసుకుని కొట్టివేశాను. అందులో పై రాత ఉందిగాని అడుగు రాత లేదు. నీకు ఏదైనా మాట తడితే వెంటనే రాయి.

నీ మిత్రుడు